సన్ ట్జు చెప్పని మాటలు, చెప్పినా వినని మాటలు

"శత్రువును తెలుసుకో, నిన్ను నువ్వు తెలుసుకో, వంద యుద్ధాల్లో వంద విజయాలు నీవే." ప్రాచీన చైనా వ్యూహకర్త సన్ ట్జు పేరుతో తిరిగే మాటల్లో దీనికున్నంత ప్రచారం మరొకదానికి ఉండదేమో. చైనాలో కూడా జనం నోట ఇది ఇలాగే స్థిరపడింది. అతనిదిగా చెప్పే పుస్తకంలో ఉన్నది మాత్రం వేరు. 'యుద్ధ కళ' మూడో అధ్యాయం చివర వచ్చే ఆ వాక్యం చెప్పేది ఇంతే: ఎదుటివాణ్ణీ తననూ ఎరిగినవాడు వంద యుద్ధాలు చేసినా ప్రమాదంలో పడడు. గెలుస్తాడని అక్కడ లేదు. తనను మాత్రమే ఎరిగినవాడికి ఒకసారి గెలుపు, ఒకసారి ఓటమి. రెండూ తెలియనివాడికి ప్రతి యుద్ధమూ గండమే అని ఆ వెంటనే ఉంది. ఇంకా విచిత్రమేమిటంటే, అదే అధ్యాయం మొదట్లో "వంద యుద్ధాలు చేసి వందా గెలవడం గొప్పల్లో గొప్ప కాదు" అని సూటిగా రాసి ఉంది. ఆ పుస్తకమే తక్కువ చేసి చూపిన సంగతిని ఆ పుస్తకం పేరు మీదే జనం మెచ్చుకుంటున్నారన్నమాట.

ప్రాచీన చైనా యుద్ధ గ్రంథాలు తప్పుగా అర్థం కావడానికి భాష కష్టమని, అనువాదాలు సరిగా లేవని సాధారణంగా అంటారు. అందులో కొంత నిజం ఉంది. కానీ చైనా భాషే మాతృభాష అయినవాళ్లు, జీవితమంతా ఈ గ్రంథాలతోనే గడిపిన పండితులు కూడా తప్పుగా చదివారు. ప్రతి కాలానికీ ఈ పుస్తకాలతో ఏదో ఒక అవసరం పడింది. ఆ అవసరం తీర్చిన వాక్యం నిలబడింది, దాని పక్కనున్న వాక్యం రాలిపోయింది. అలా రాలినవి ఏవో చూస్తే చాలావరకు ఒకే జాతివి: ధాన్యం లెక్కలు, బండ్లు, రోజువారీ ఖర్చు, సొంత సైనికుల్ని అదుపులో పెట్టే కటువైన పద్ధతులు.

అసలు సన్ ట్జు ఎవరన్న దగ్గరే తికమక మొదలవుతుంది. సంప్రదాయం చెప్పే పేరు సన్ వు. క్రీ.పూ. 514 నుంచి 496 దాకా వు రాజ్యాన్ని ఏలిన హెలూ రాజు కొలువులో సేనాపతి అంటారు. రాజు పరీక్ష పెడితే 180 మంది అంతఃపుర స్త్రీలకు కవాతు నేర్పాడని, నవ్విన పాపానికి వాళ్లలో నాయికలుగా పెట్టిన రాజుగారి ఇద్దరు ప్రియురాళ్ల తలలు తీయించాడని, దాంతో మిగతావాళ్లు నోరెత్తకుండా వరసలో నిలబడ్డారని కథ. దీన్ని రాసిన చరిత్రకారుడు సిమా చియెన్ సుమారు 400 ఏళ్ల తర్వాతివాడు. వు రాజ్యం క్రీ.పూ. 506లో చూ రాజ్యం మీద చేసిన పెద్ద దండయాత్రను 'జువో జువాన్' అనే పాత చరిత్ర గ్రంథం వివరంగా చెబుతుంది, కానీ సన్ వు పేరు అందులో ఎక్కడా కనిపించదు. పైగా 'యుద్ధ కళ'లో కనిపించే లక్ష మంది సైన్యాలు, యంత్రపు విల్లులు, రాజుతో సంబంధం లేకుండా నిర్ణయాలు తీసుకునే వృత్తి సేనాపతులు హెలూ కాలానికి అతకవు. అవి ఆ తర్వాతి 'పోరాడే రాజ్యాల' యుగానివి. అందుకే చాలామంది పరిశోధకులు ఈ గ్రంథం ఆ యుగంలో, అంటే క్రీ.పూ. 5 నుంచి 3వ శతాబ్దం మధ్య, ఒకరికంటే ఎక్కువమంది చేతుల్లో రూపుదిద్దుకుందని భావిస్తారు.

ఆ కాలంలో పుస్తకం అంటే వెదురు బద్దల కట్ట. ఒక్కో అధ్యాయం ఒక్కో కట్టగా విడివిడిగా తిరిగేది. శిష్యులు చేర్చేవారు, నకలు రాసేవాళ్లు దిద్దేవారు. 'యుద్ధ కళ'లోని పదమూడు అధ్యాయాల్లో ప్రతిదీ "గురువు సన్ ఇలా అన్నాడు" అనే మొదలవుతుంది. వేమన పేరుతో దొరికే పద్యాలన్నీ వేమనవేనా అన్న చర్చ తెలిసిన తెలుగువాళ్లకు ఇది వింతగా ఉండదు. అక్కడ చివర తగిలించే మకుటం చేసే పనే ఇక్కడ మొదటి వాక్యం చేస్తుంది. దాన్ని ముందు పెడితే చాలు, తర్వాత వచ్చేదంతా గురువు ఖాతాలో పడుతుంది.

1972లో షాన్‌డాంగ్ రాష్ట్రం లిన్‌యీ దగ్గర యిన్‌చ్యూషాన్ అనే చోట బయటపడ్డ రెండు సమాధులు ఈ విషయాన్ని ఊహల్లోంచి నేల మీదికి దించాయి. అవి క్రీ.పూ. 2వ శతాబ్దం నాటి, హాన్ రాజవంశ కాలపు సమాధులు. వేల కొద్దీ వెదురు బద్దలు, చాలావరకు ముక్కలుగా, బురదలో దొరికాయి. వాటిలో సన్ ట్జు పాఠం ఉంది. దాంతోపాటు, సుమారు రెండు వేల ఏళ్లుగా ఎవరూ చూడని సన్ బిన్ గ్రంథం కూడా ఉంది. సన్ బిన్ అంటే సన్ వుకు వంద ఏళ్ల తర్వాతివాడుగా సిమా చియెన్ చెప్పిన మరో వ్యూహకర్త. అతని పుస్తకం కనబడకపోవడంతో, ఇద్దరూ ఒక్కరేనని 20వ శతాబ్దంలో కొందరు పేరున్న పండితులే వాదించారు. ఒకే సమాధిలో రెండు వేర్వేరు గ్రంథాలు దొరకడంతో ఆ వాదం వీగిపోయింది. 'ఆరు రహస్య బోధలు', 'వెయ్ లియావో జి' అనే గ్రంథాలు చాలా తర్వాతి కాలపు నకిలీలని చింగ్ రాజవంశ కాలపు (1644-1912) పండితులు తీర్పు చెప్పేశారు. వాటి భాగాలు కూడా ఆ బద్దల్లోనే దొరికాయి. పాతది అనగానే నమ్మడం ఎంత తప్పో, నమ్మకపోవడమే పాండిత్యమనుకోవడమూ అంతే తప్పని ఈ తవ్వకం చూపించింది.

ఆ బద్దల మీద గూఢచారుల అధ్యాయంలో, ఇప్పుడు అచ్చులో దొరికే పాఠంలో లేని ఒక పేరు ఉంది. యెన్ రాజ్యం పైకి రావడానికి చి రాజ్యంలో సు చిన్ ఉండటం కారణమని అక్కడ రాసి ఉంది. సు చిన్ అనే ఈ దౌత్యవేత్త హెలూ రాజుకు రెండు శతాబ్దాల తర్వాతివాడు. తమ కాలంలో అందరికీ తెలిసిన ఉదాహరణ ఒకటి ఎవరో నకలుకారుడు చేర్చాడు, మరెవరో తర్వాత తీసేశారు. ఇందులో మోసమేమీ లేదు. పుస్తకం అప్పటికింకా వాడుకలో ఉన్న పనిముట్టు, పూజగదిలో పెట్టే వస్తువు కాలేదు.

అంతకంటే పెద్ద తేడా నాలుగో అధ్యాయంలో ఉంది. శతాబ్దాలుగా చదువుతున్న పాఠం ప్రకారం: బలం చాలనప్పుడు రక్షణ, బలం మిగిలినప్పుడు దాడి. ఇది అందరికీ తోచే సలహాలాగే ఉంటుంది, అందుకే ఎవరూ అనుమానించలేదు. వెదురు బద్దల మీద మాటలు తలకిందులుగా ఉన్నాయి: రక్షణలో ఉంటే బలం మిగులుతుంది, దాడికి దిగితే చాలదు. పాత పాఠం సేనాపతికి "నీ బలాన్ని బట్టి పద్ధతి ఎంచుకో" అంటుంది. బద్దల పాఠం పద్ధతుల గురించే ఒక నిజం చెబుతుంది. అదే సైన్యం, అదే సంఖ్య. కోటలో కూర్చుంటే సరిపోయి మిగులుతుంది, బయటికొచ్చి పడితే కొరత పడుతుంది. మూడో అధ్యాయంలో ఇచ్చిన నిష్పత్తులతో ఇది చక్కగా కలుస్తుంది. శత్రువుకు పదింతలుంటే చుట్టుముట్టు, అయిదింతలుంటే దాడి చెయ్యి అని అక్కడ ఉంది. అయిదింతలు ఉంటే గానీ దాడి వద్దన్నవాడు దాడి ఎంత ఖరీదైనదో ఎరిగినవాడే అయి ఉండాలి.

బద్దల మీద రాసినవాడి పొరపాటు అనుకోవడానికీ వీల్లేదు. క్రీ.పూ. 61లో పశ్చిమ సరిహద్దున చ్యాంగ్ తెగలతో తలపడుతున్న హాన్ సేనాపతి జావ్ చోంగ్‌గ్వో, తొందరపడి దాడి చేయమంటున్న రాజధానికి లేఖ రాస్తూ యుద్ధ శాస్త్రంలోని మాటగా దీన్నే ఉదహరించాడు: దాడికి చాలని బలం రక్షణకు మిగులుతుంది. అంటే కనీసం హాన్ కాలంలో యుద్ధం చేసేవాళ్లు ఈ వాక్యాన్ని బద్దల మీద ఉన్నట్టే ఎరుగుదురు.

ఎప్పుడు తిరగబడింది? క్రీ.శ. 3వ శతాబ్దం మొదట్లో, సేనాపతీ పాలకుడూ అయిన త్సావ్ త్సావ్ రాసిన వ్యాఖ్య చూస్తే అప్పటికే తిరగబడిన అర్థమే కనిపిస్తుంది: నేను రక్షణలో ఉన్నానంటే బలం చాలక, దాడి చేశానంటే బలం మిగిలి. ఆ తర్వాత, తాంగ్ చక్రవర్తి తైజోంగ్, అతని సేనాపతి లీ జింగ్ మాట్లాడుకున్నట్టుగా రాసిన గ్రంథంలో మూడో అర్థం పుట్టింది. రక్షణలో ఉన్నప్పుడు మన దగ్గర బలం లేనట్టు శత్రువుకు కనిపించాలి, దాడి చేసేటప్పుడు బోలెడు ఉన్నట్టు కనిపించాలి అని చక్రవర్తి అక్కడ వివరిస్తాడు. సరఫరా, సంఖ్యల గురించిన ఒక ముక్తసరి మాట మొదట సేనాపతి విచక్షణ గురించిన సూత్రమైంది, తర్వాత మాయోపాయమైంది. మూడు అర్థాలూ తెలివైనవే. కానీ మొదటిదొక్కటే యుద్ధానికి అయ్యే ఖర్చు గురించి మాట్లాడుతుంది, కనుమరుగైందీ అదే.

త్సావ్ త్సావ్ విషయంలో ఇంకో అపార్థం కూడా వెయ్యేళ్లు బతికింది. తాంగ్ కాలపు కవి దూ మూ, సన్ ట్జు రాసింది నిజానికి చాలా పెద్ద గ్రంథమని, త్సావ్ త్సావ్ దాన్ని కత్తిరించి పదమూడు అధ్యాయాలకు కుదించాడని రాశాడు. అతనలా అనుకోవడానికి ఆధారం లేకపోలేదు. హాన్ గ్రంథాల పట్టికలో సన్ ట్జు పేరు మీద 82 అధ్యాయాలు లెక్క చూపారు. కానీ సిమా చియెన్ అప్పటికే పదమూడు అని రాసి ఉన్నాడు. యిన్‌చ్యూషాన్‌లో అధ్యాయాల పేర్లు రాసిన చెక్కపలక ముక్కలూ ఆ లెక్కకే సరిపోతున్నాయి. అవి త్సావ్ త్సావ్ పుట్టడానికి మూడొందల ఏళ్ల ముందువి. మిగతా అధ్యాయాలు సన్ ట్జు పేరు చుట్టూ చేరిన అనుబంధాలు అయి ఉండాలి.

సోంగ్ రాజవంశం కాలానికి గ్రంథం స్థాయి మారిపోయింది. 1080లో షెన్‌జోంగ్ చక్రవర్తి ఆజ్ఞ మీద ఏడు యుద్ధ గ్రంథాలను ఒక సంకలనంగా కూర్చారు. అది సైనిక పరీక్షలకు పాఠ్యపుస్తకమైంది. పాఠ్యపుస్తకానికి ఒక్కటే సరైన పాఠం ఉండాలి, ప్రశ్నకు ఒక్కటే సరైన జవాబు ఉండాలి. అప్పటిదాకా పాఠంలో మిగిలిన తేడాలు అలా చదునయ్యాయి. దాని పక్కనే పదకొండు మంది వ్యాఖ్యానాల సంపుటి ప్రచారంలోకి వచ్చింది. ఆ పదకొండు మందిలో యుద్ధరంగంలో పేరుమోసినవాడు త్సావ్ త్సావ్ ఒక్కడే అనొచ్చు. దూ మూ, మెయ్ యావ్‌చెన్ కవులుగా ప్రసిద్ధులు. వాక్యానికీ వాక్యానికీ మధ్య చిన్న అక్షరాల్లో ఈ వ్యాఖ్యలు ఇరికి ఉండేవి. తర్వాతి పాఠకుడు సన్ ట్జును ఒంటరిగా చదవడం ఇక సాధ్యం కాలేదు.

అలాగని వ్యాఖ్యాతలంతా అర్థాన్ని చెడగొట్టారనడం అన్యాయం. కొన్నిచోట్ల వాళ్లే రక్ష. ఏడో అధ్యాయంలో "చుట్టుముట్టిన శత్రువుకు ఒక దారి వదులు" అని ఉంది. ఈ రోజు మేనేజ్‌మెంట్ పాఠాల్లో ఇది ఓడినవాడి పరువు కాపాడే ఔదార్యంగా కనిపిస్తుంది. బేరసారాలు నేర్పే కోర్సుల్లోనూ ఇదే అర్థం నడుస్తోంది. దూ మూ వ్యాఖ్య అంత మెత్తగా లేదు. బతికే దారి ఉందని చూపించు, చచ్చేదాకా పోరాడాలన్న తెగింపు పోతుంది, అప్పుడు కొట్టు అంటాడు. దారి వదలడం దయ వల్ల కాదు, పారిపోయేవాణ్ణి చంపడం తేలిక కాబట్టి.

జపాన్‌లో 16వ శతాబ్దపు యోధుడు తాకెదా షింగెన్ జెండా మీద సన్ ట్జు మాటలు ఉండేవి: గాలిలా వేగం, అడవిలా నిశ్చలం, మంటలా దాడి, కొండలా స్థిరం. ఏడో అధ్యాయంలో ఈ ఉపమానాలు ఆరు. చీకటిలా అంతుపట్టకపోవడం, పిడుగులా కదలడం జెండా మీదికి ఎక్కలేదు. జెండాకు స్థలం తక్కువ కాబట్టి దీన్ని తప్పుపట్టాల్సిన పనిలేదు. కానీ తర్వాతి కాలంలో చాలామందికి ఆ నాలుగే సన్ ట్జు వాక్యమైపోయాయి.

యూరప్‌కు ఈ పుస్తకం 1772లో చేరింది. బీజింగ్‌లో ఉన్న ఫ్రెంచ్ జెసూయిట్ మతగురువు జోసెఫ్ మారీ అమియో అనువాదాన్ని ఆ ఏడాది పారిస్‌లో అచ్చువేశారు. మంచూ భాషలో ఉన్న అనువాదాన్ని కూడా ఆసరా చేసుకుని, వ్యాఖ్యల్ని మూలంలో కలిపేసి, సన్ ట్జును ఒక నీతిబోధకుడిలా మాట్లాడించాడు అమియో. చైనా అంటే జ్ఞానులు పాలించే దేశమని మురిసిపోతున్న నాటి ఫ్రెంచ్ మేధావులకు ఇది నచ్చే రూపమే. ఈ అనువాదాన్ని నెపోలియన్ చదివాడని, జేబులో పెట్టుకుని తిరిగాడని ఒక కథ ఇప్పటికీ పుస్తకాల అట్టల మీద కనిపిస్తుంది. దానికి ఆధారం ఏమీ లేదు. అయినా పోదు, ఎందుకంటే పుస్తకం అమ్మడానికి అంతకంటే మంచి సర్టిఫికెట్ దొరకదు.

ఇంగ్లిష్‌లోకి మొదట తెచ్చినవాడు బ్రిటిష్ సైనికాధికారి కాల్త్రాప్. 1905లో, రష్యాను జపాన్ ఓడించిన ఊపులో, టోక్యోలో అచ్చయిన ఆ అనువాదం జపనీస్ పండితుల సాయంతో చేసింది. 1908లో సవరించి మళ్లీ వేశారు. రెండేళ్లకే బ్రిటిష్ మ్యూజియంలో పనిచేసే లయొనెల్ గైల్స్ తన అనువాదంతో వచ్చి, కాల్త్రాప్ తప్పుల్ని పేజీ పేజీకీ ఎత్తిచూపాడు, కాస్త శ్రుతిమించే. గైల్స్ చైనా పాఠాన్ని పక్కనే అచ్చువేశాడు, వ్యాఖ్యాతల పేర్లు విడివిడిగా చెప్పాడు. ఇప్పటికీ ఉచితంగా దొరికేది అదే కాబట్టి ఇంటర్నెట్‌లో కనిపించే వాక్యాల్లో చాలావరకు ఆయనవే. వ్యాఖ్యలు మాత్రం తీసేసి ఉంటాయి.

ఇప్పుడు ప్రపంచానికి తెలిసిన సన్ ట్జు రూపం 1963 నాటిది. అమెరికా మెరైన్ దళంలో బ్రిగేడియర్ జనరల్‌గా రిటైరైన శామ్యూల్ గ్రిఫిత్ అనువదించాడు. ముందుమాట రాసింది బ్రిటిష్ సైనిక రచయిత లిడెల్ హార్ట్. మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల నరమేధాన్ని కళ్లారా చూసిన లిడెల్ హార్ట్, శత్రువును ఎదురుగా ఢీకొనకుండా పక్కదారిన దెబ్బతీయాలన్న సిద్ధాంతాన్ని జీవితమంతా ప్రచారం చేశాడు. 1927లో ఒక మిత్రుడి ఉత్తరం వల్ల సన్ ట్జు పరిచయమైతే, తన ఆలోచనలే అందులో కనిపించాయని ఆయనే రాసుకున్నాడు. 19వ శతాబ్దపు ప్రష్యా యుద్ధ సిద్ధాంతకర్త క్లాజ్‌విట్జ్ ప్రభావానికి సన్ ట్జు జ్ఞానం తోడై ఉంటే ప్రపంచ యుద్ధాల విధ్వంసం కొంత తగ్గేదని కూడా అన్నాడు. అలా క్లాజ్‌విట్జ్ అంటే గుడ్డి బలం, సన్ ట్జు అంటే తెలివైన పక్కదారి అనే జంట తయారైంది.

పక్కదారి మాట ఏడో అధ్యాయంలో ఉన్నదే. వంకర దారిని తిన్నని దారిగా మార్చడమే కష్టమని అధ్యాయం మొదలవుతుంది. కానీ వెంటనే లెక్క వస్తుంది. ప్రయోజనం కోసం కవచాలు విప్పేసి, పగలూ రాత్రీ ఆగకుండా వంద లీల దూరం (లీ అంటే అర కిలోమీటరుకు కాస్త తక్కువ) పరిగెత్తితే సేనాపతులు ముగ్గురూ పట్టుబడతారు, పదిమందిలో ఒక్కడే గమ్యం చేరతాడు. యాభై లీలైతే సగం మంది, ముప్ఫై లీలైతే మూడింట రెండు వంతులు. సామాను బండ్లు లేని సైన్యం నాశనం, తిండి లేని సైన్యం నాశనం, నిల్వలు లేని సైన్యం నాశనం అని మూడుసార్లు నొక్కి చెబుతాడు. పక్కదారిని పొగిడినవాడే దానికి చెల్లించాల్సిన వెల కూడా రాసిపెట్టాడు. 20వ శతాబ్దపు అభిమానులు మొదటి సగం తీసుకుని ఆగిపోయారు.

గ్రిఫిత్ అంతకుముందే, 1940లో, గెరిల్లా యుద్ధం మీద మావో రాసిన పుస్తకాన్ని అనువదించి ఉన్నాడు. వియత్నాం రగులుతున్న కాలంలో మావోను సన్ ట్జు వారసుడిగా చూపించడం అమెరికా పాఠకులకు ఒక తాళంచెవి దొరికినట్టయింది. ఓడిపోతున్నామంటే కారణం రెండున్నర వేల ఏళ్ల రహస్య విద్య అన్నమాట! మావో 1936లో, 1938లో సన్ ట్జును ఉదహరించిన మాట నిజం. తనను, శత్రువును తెలుసుకోవడం గురించిన ఆ వాక్యమే ఆయనకూ ఇష్టం. కానీ అంతకుముందు, 1935 నాటి పార్టీ గొడవల్లో, మావో పాత సన్ ట్జును, 'మూడు రాజ్యాల' కథను చూసి యుద్ధం చేస్తున్నాడని కై ఫెంగ్ అనే నాయకుడు ఎద్దేవా చేశాడు. సన్ ట్జుకు ఎన్ని అధ్యాయాలో చెప్పమని తాను ఎదురు ప్రశ్న వేశానని, నిజానికి అప్పటికి తానూ చదవలేదని మావో తర్వాత చెప్పుకున్నాడు. అంతకంటే ముఖ్యం, మావో 1938లో యెనాన్‌లో ఉపన్యసించింది దీర్ఘకాల యుద్ధం గురించి. యుద్ధం సాగదీస్తే లాభపడిన రాజ్యం లేదన్నది సన్ ట్జు రెండో అధ్యాయం మొత్తానికి సారం. వెయ్యి లీల దూరం లక్ష మందిని నడిపిస్తే రోజుకు వెయ్యి బంగారు నాణేలు కావాలని, శత్రువు ధాన్యం ఒక కొలత మన దేశం నుంచి మోసుకొచ్చే ఇరవై కొలతలతో సమానమని లెక్క కట్టినవాడు అతను. పేదవాడి దీర్ఘయుద్ధానికి ఆయన పేరు ఆధారంగా చూపడం, అప్పు చేయొద్దన్నవాడి పేరు మీద అప్పు తీసుకోవడమే.

1980ల్లో జపాన్ కంపెనీల పోటీకి బెదిరిన అమెరికా మేనేజర్లు ఆ విజయ రహస్యం వెతుకుతూ సన్ ట్జును పట్టుకున్నారు. జపాన్‌లో ఆ పుస్తకాన్ని వ్యాపారానికి అన్వయించడం అంతకుముందే మొదలైంది. 1987లో ఒక హాలీవుడ్ సినిమాలో షేర్ మార్కెట్ విలన్ నోట సన్ ట్జు పేరు వినిపించాక, ఆఫీసు అలమరల్లో దాని స్థానం ఖాయమైంది. ఇక్కడ జరిగిన కోత అన్నిటికంటే మొరటుది. "సైనికుల్ని కన్నబిడ్డల్లా చూడు, నీ వెంట లోతైన లోయల్లోకైనా వస్తారు" అన్న పదో అధ్యాయపు వాక్యం నాయకత్వ శిక్షణలో కనిపించని స్లైడ్ ఉండదు. దాని పక్కదే ఇంకో వాక్యం. ముద్దు చేసి పని చెప్పలేకపోతే, ప్రేమించి ఆజ్ఞాపించలేకపోతే, తప్పు చేసినా అదుపు చేయలేకపోతే, వాళ్లు గారాబంతో చెడిన పిల్లల్లా దేనికీ పనికిరారు. తర్వాతి అధ్యాయం ఇంకా ముందుకు వెళ్తుంది. సేనాపతి తన సైనికుల కళ్లకు, చెవులకు ఏమీ తెలియనివ్వకూడదు, గొర్రెల మందను తోలినట్టు అటూ ఇటూ తోలాలి, ఎక్కడికి పోతున్నారో వాళ్లకు తెలియకూడదు. తప్పించుకునే దారి లేనిచోట పడేస్తే వాళ్లే తెగించి పోరాడతారు. బలవంతంగా పొలం నుంచి పట్టుకొచ్చిన రైతుల సైన్యాన్ని నడిపే పద్ధతి ఇది. దీన్ని స్లైడ్‌గా వేయడం హెచ్‌ఆర్ విభాగం వల్ల కాదు, అందుకే వేయదు. మరో ఇబ్బంది కూడా ఉంది. వ్యాపారంలో గెలుపోటములు తేల్చేవాడు కొనుగోలుదారు. సన్ ట్జు లోకంలో అలాంటి మూడో మనిషి లేడు.

ఇక అసలు లేని మాటల సంగతి. మిత్రుల్ని దగ్గర పెట్టుకో, శత్రువుల్ని ఇంకా దగ్గర పెట్టుకో అన్న మాట 1974 నాటి ఒక హాలీవుడ్ గ్యాంగ్‌స్టర్ సినిమా డైలాగు. నది ఒడ్డున ఓపిగ్గా కూర్చుంటే శత్రువు శవం కొట్టుకొస్తుందన్నది పదమూడు అధ్యాయాల్లో ఎక్కడా లేదు. ఎత్తుగడ లేని వ్యూహం, వ్యూహం లేని ఎత్తుగడ గురించిన గంభీరమైన వాక్యమూ అంతే. సన్ ట్జు రాశాడని చాలామంది అనుకునే 'ముప్ఫై ఆరు ఎత్తుగడలు' అతనివి కావు. ముప్ఫై ఆరింటిలో పారిపోవడమే మేలు అన్న సామెత పాతదే, 5వ శతాబ్దపు సేనాపతి తాన్ దావోజి పేరుతో చరిత్రలో కనిపిస్తుంది. కానీ ఆ పేరుతో ఉన్న పుస్తకం మింగ్, చింగ్ కాలాల నాటిదని అంచనా. అది వెలుగులోకి వచ్చింది 1941లో, చెంగ్డూలో అచ్చయ్యాక. అరువు తెచ్చుకున్న కత్తితో చంపడం, కాలుతున్న ఇల్లు దోచుకోవడం లాంటి పేర్లతో అది కథల్లో ఇమిడే సరుకు. ధాన్యం గురించిన అధ్యాయం అందులో లేదు.

ఇంతవరకు చెప్పిన అపార్థాల వల్ల మహా అయితే ఒక ఉపన్యాసం చెడుతుంది. ఒక దేశం ఏం చేయబోతోందో ఈ వాక్యాల్ని పట్టుకుని ఊహించడం మొదలుపెట్టినప్పుడు వ్యవహారం ముదురుతుంది. "యుద్ధం చేయకుండానే శత్రువును లొంగదీయడం గొప్పల్లో గొప్ప" అన్న మాట మీద ఒక నాగరికత స్వభావాన్నే కట్టేశారు. చైనా స్వతహాగా యుద్ధానికి విముఖమని కొందరు, యుద్ధం లేకుండా మోసంతో ప్రపంచాన్ని మింగే దీర్ఘకాల పథకం వేసిందని కొందరు. ఇద్దరికీ ఆధారం ఒకే వాక్యం. అది ఉన్న మూడో అధ్యాయంలో తర్వాత వచ్చేది కోట ముట్టడి ఖర్చు. యంత్రాలు సిద్ధం చేయడానికి మూడు నెలలు, మట్టి దిబ్బలు పోయడానికి మరో మూడు నెలలు, ఓపిక నశించిన సేనాపతి చీమల్లా గోడలెక్కిస్తే మూడింట ఒక వంతు సైనికుల చావు, అయినా కోట చేతికి రాకపోవడం. యుద్ధం వద్దనడానికి కారణం అక్కడ కళ్లెదుటే ఉంది, అది శాంతి కాముకత కాదు. పన్నెండో అధ్యాయం నిప్పు పెట్టే పద్ధతులతో మొదలవుతుంది, మొదటి పద్ధతి మనుషుల్ని కాల్చడం. కోపంతో యుద్ధానికి దిగొద్దు, పోయిన ప్రాణం తిరిగి రాదు అన్న హెచ్చరికతో ముగిసేదీ అదే అధ్యాయం. ఈ రెండింటినీ ఒకే చేయి పక్కపక్కన పెట్టిందని గుర్తుపెట్టుకుంటే సన్ ట్జును సాధువుగా గానీ మాయావిగా గానీ చూడటం కష్టం.

హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన అలస్టెయిర్ ఇయన్ జాన్‌స్టన్ 1995లో ఈ పని ఓపిగ్గా చేశారు. ఆ ఏడు గ్రంథాలను మొత్తంగా చదివి, 1368 నుంచి 1644 దాకా పాలించిన మింగ్ రాజవంశం మంగోలుల విషయంలో నిజంగా ఏం చేసిందో పక్కన పెట్టి చూశారు. సంఘర్షణ ఎప్పుడూ ఉండేదే, పరిస్థితిని బట్టి బలం వాడాలి అన్న ధోరణే గ్రంథాల్లో బలంగా ఉందని తేల్చారు. మింగ్ పాలకులు బలం ఉన్నప్పుడు గడ్డి మైదానాల్లోకి దండెత్తారు, లేనప్పుడు గోడలు కట్టారు, వ్యాపారానికి ఒప్పుకున్నారు. సత్ప్రవర్తనతో పొరుగువాణ్ణి గెలవాలన్న కన్ఫ్యూషియన్ మాటలు ఆస్థాన పత్రాల్లో మెండుగా ఉన్నా, నిర్ణయాల మీద వాటి ముద్ర తక్కువ. ఇలా మిగతా ఏ రాజ్యమైనా చేస్తుంది. దానికోసం ప్రాచ్య రహస్యం అక్కర్లేదు. జాన్‌స్టన్ పుస్తకానికి దక్కాల్సిన ప్రచారం దక్కలేదు. చదరంగం ఆడేవాళ్లు పడమటివాళ్లు, వెయ్‌చీ (నల్ల, తెల్ల రాళ్లతో ఆడే చైనా ఆట) ఆడేవాళ్లు చైనీయులు అన్న, అమెరికా మాజీ విదేశాంగ మంత్రి హెన్రీ కిసింజర్ 2011 నాటి పోలికే జనంలోకి వెళ్లింది. చెప్పడానికి తేలిక కదా.

కిసింజర్ ఆ పోలిక ఉన్న తన పుస్తకాన్ని 1962 భారత సరిహద్దు యుద్ధంతోనే మొదలుపెట్టడం మనకు ఆసక్తి కలిగించే సంగతి. ఆ ఏడాది నవంబర్ 21న చైనా ఏకపక్షంగా కాల్పుల విరమణ ప్రకటించి, తూర్పున తాను ఆక్రమించిన ప్రాంతం నుంచి వెనక్కి వెళ్లింది. టీవీ చర్చల్లో ఇప్పటికీ దీన్ని సన్ ట్జు పాఠంగా వివరించేవాళ్లు ఉన్నారు: కొట్టు, భయపెట్టు, వెనక్కి వెళ్లి శత్రువును అయోమయంలో పడెయ్. కానీ అప్పటికి చలికాలం ముంచుకొస్తోంది. మంచు పడితే మూసుకుపోయే కనుమలు దాటి టిబెట్ నుంచి తిండీ మందుగుండూ మోయాలి. కిందనున్న మైదానాల్లో భారత్‌కు రోడ్లు, రైళ్లు ఉన్నాయి, పైనున్న సైన్యానికి లేవు. అమెరికా, బ్రిటన్ ఆయుధాలు భారత్‌కు రావడం మొదలైంది. వెనక్కి వెళ్లడానికి ఈ కారణాలు చాలు. ఇందులో సన్ ట్జు పోలిక వెతికి తీరాలంటే మాయోపాయాల వాక్యాలకంటే రెండో అధ్యాయంలోని బండ్ల లెక్కే దగ్గరగా ఉంటుంది.